చేయి తిరిగిన రాతను వదులుకున్న పంతులు గారు

కందుకూరి వీరేశలింగం పంతులు గారి గురించి బడిలో మనమంతా ఒక పేరా చదువుకున్నాం. వివేకవర్ధని పత్రిక నడిపారు, రాజశేఖర చరిత్ర రాశారు, వితంతు వివాహాలు జరిపించారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు అంతే చాలు. ఆ పేరా చదివితే ఆయన పుట్టుకతోనే సంస్కర్త అనిపిస్తుంది. జీవితం మొత్తం తిరగేస్తే మాత్రం వేరే మనిషి కనిపిస్తారు. తను పెరిగిన నమ్మకాలను, తను మొదలుపెట్టిన పనిలోని లోపాలను, చివరకు తనకు పేరు తెచ్చిన రాతనే ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ వెళ్ళిన మనిషి ఆయన. గోదావరి ఒడ్డు మనిషి గురించి మన కొల్లూరు బడి స్వర్ణోత్సవ సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అన్నిటికన్నా ముందు ఆయన బడిపంతులు. మన సార్ల వంటి సారే. ఇది చదివేవాళ్ళలో సగం మంది పాఠం చెప్పినవాళ్ళు, మిగతా సగం విన్నవాళ్ళు కనుక ఆయన కథ మనకు దగ్గరదే.

1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగో ఏట తండ్రి సుబ్బారాయుడు గారు పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదతండ్రి వెంకటరత్నం గారు పెంచారు. చిన్నప్పటి నుంచే దగ్గు, ఉబ్బసం. పూజలు, జాతకాలు, దయ్యాల భయం అన్నీ ఉన్న ఇల్లు. ఆ కుర్రవాడు కూడా అందరిలాగే భక్తిగా గుళ్ళ చుట్టూ తిరిగాడు. పదమూడో ఏట పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు బాపమ్మ ఇంకా చిన్నపిల్ల. అత్తవారింటికి వచ్చాక ఆమె రాజ్యలక్ష్మి అయింది. బాల్య వివాహాల మీద తర్వాతి రోజుల్లో అంత గట్టిగా రాసిన మనిషి తనే బాల్య వివాహం చేసుకున్నవాడన్న సంగతి మనం తరచూ మరిచిపోతాం.

చదువుకునే రోజుల్లో ఆత్మూరి లక్ష్మీనరసింహం గారి సావాసం, బెంగాలు నుంచి వచ్చిన కేశవచంద్ర సేన్ ఉపన్యాసాలు ఆయనను కదిలించాయి. ఒక్క రాత్రిలో మారిపోయారనుకోవద్దు. ఒక నమ్మకం మీద అనుమానం రావడానికి, దాన్ని వదలడానికి మధ్య ఆయనకు చాలా ఏళ్ళే పట్టాయి. విగ్రహారాధనను, కులాన్ని విమర్శిస్తూ ఎన్నో ఏళ్ళు రాసినా జంధ్యం మాత్రం ఒంటి మీదే ఉండేది. దాన్ని తీసేసింది 1906లో, దాదాపు అరవై ఏళ్ళ వయసులో. అప్పటికి ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది.

మెట్రిక్ పాసయ్యాక అప్పటి మర్యాదస్థుల పిల్లలకు దారి సర్కారు కొలువే. రెవెన్యూలో చేరాలంటే లంచం ఇవ్వాలి, చేరాక తినాలి. అది తన వల్ల కాదనుకున్నారు. వకీలు పని వైపు చూస్తే అక్కడ అబద్ధం తప్పదనిపించింది. అలా బడి వైపు వచ్చారు. కోరంగిలో కొంతకాలం పనిచేసి, తర్వాత ధవళేశ్వరం బడికి ప్రధానోపాధ్యాయులయ్యారు. ధవళేశ్వరం అంటే కాటన్ దొర ఆనకట్ట ఊరు. 1874లో అక్కడే వివేకవర్ధని పత్రిక పెట్టారు, ఆడపిల్లలకు బడి తెరిచారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు.

ఇక్కడ కొంచెం ఆగాలి. పత్రిక పెట్టేనాటికి ఆ ఇరవై ఆరేళ్ళ పంతులు గారికి ఏం పేరుందో తెలిస్తే గాని, ఆయన వదులుకున్నది ఎంతో మనకు తెలియదు. అప్పటికే ఆయన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం అనే కావ్యం రాసినవారు. పేరు పలకడమే కష్టం, ఇక రాయడం సంగతి చెప్పక్కర్లేదు. శుద్ధాంధ్రం అంటే సంస్కృత పదం ఒక్కటి కూడా రాకూడదు. నిర్వచనం అంటే మధ్యలో వచనం ఉండకూడదు, అంతా పద్యాలే. నిరోష్ఠ్యం అంటే పెదవులు తాకి పలికే అక్షరం పడకూడదు. అంటే ప, బ, మ వంటి అక్షరాలు మొత్తం పోయినట్టే. అమ్మ అనకూడదు, బడి అనకూడదు, పాప అనకూడదు. పద్యానికి గణాలు, యతి, ప్రాస ఎలాగూ తప్పవు. ఇన్ని కట్ల మధ్య నలమహారాజు కథంతా నడిపించడమంటే మామూలు సంగతి కాదు. ఆ కాలపు పండితులు నోరు వెళ్ళబెట్టే విద్య అది. తాడు మీద నడిచేవాణ్ణి చూసినట్టు చూసేవారు.

వచనంలో కూడా ఆయనకు అదే దీక్ష. పరవస్తు చిన్నయ సూరి గారి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే ఉన్నాయి. మిగిలిన విగ్రహం, సంధి భాగాలను వీరేశలింగం గారు సూరి గారి శైలిలోనే పూర్తి చేశారు. విగ్రహం భాగాన్ని కొక్కొండ వెంకటరత్నం గారు కూడా రాశారు. ఇద్దరి మధ్య ఎవరి తెలుగు ఎక్కువ ప్రౌఢమన్న పోటీ లోలోపల ఉండేది. కొక్కొండ వారిది ఆంధ్రభాషా సంజీవని పత్రిక, పంతులు గారిది వివేకవర్ధని. ఒకరి మీద ఒకరు కత్తులు దూసుకున్నట్టు రాసుకునేవారు. పంతులు గారు 1876లో వివేకవర్ధనికి తోడుగా హాస్యసంజీవని పెట్టారు. పేరులోనే కొక్కొండ వారికి ఒక చురక ఉంది. ఆయన కలానికి పదును మొదటి నుంచీ ఎక్కువే, ఆ పదును చివరిదాకా తగ్గలేదు. కొన్ని అలవాట్లు ఆయన మార్చుకోలేదు కూడా.

కాని పత్రిక నడపడం మొదలయ్యాక ఒక చిక్కు వచ్చింది. లంచాల గురించి, కోర్టుల్లో జరిగే అన్యాయాల గురించి, ఆడపిల్లల చదువు గురించి రాస్తున్నారు. అది చదవవలసింది ఎవరు? గుమాస్తా, కరణం, చిన్న వ్యాపారి, ఇంట్లో ఆడవాళ్ళు. వాళ్ళకు సూరి గారి దీర్ఘ సమాసాలు ఎక్కవు. రాసిన మాట అందకపోతే ఎంత మంచి సంగతి రాసినా వ్యర్థం. క్రమంగా వాక్యం చిన్నదైంది, సమాసం విడిపోయింది. అడుగడుగునా సంధి కలపాలన్న పట్టు సడలింది. 1878లో వివేకవర్ధనిలో వరసగా వచ్చిన రాజశేఖర చరిత్రను ఆయన ముందు రాతల పక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఆధారంగా మొదలైనా అందులో ఉన్నది రాజమండ్రి జీవితమే. జ్యోతిష్యం నమ్మి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, డబ్బూ పరపతీ పోగొట్టుకున్న ఒక గృహస్థు కథ అది. 1880లో పుస్తకంగా వచ్చింది. దాన్ని హచిన్‌సన్ అనే ఆయన ఇంగ్లీషులోకి కూడా అనువదించాడు.

ఒకప్పుడు తను ఏ విద్యకు మెప్పు పొందారో, ఆ విద్యనే పంతులు గారు ఎగతాళి చేశారు కూడా. సరస్వతీ నారద సంవాదంలో చదువులతల్లి స్వయంగా నారదుడి దగ్గర తన గోడు వెళ్ళబోసుకుంటుంది. కవులు తనను బంధాలతో, గారడీలతో ఎంత హింస పెడుతున్నారో చెప్పుకుంటుంది. నిరోష్ఠ్యం రాసిన చేయే దీన్ని రాసింది. ఎవరో చేసిన తప్పును ఎత్తి చూపడం ఒక ఎత్తు. తను బాగా చేయగలిగిన పనిలోని డొల్లతనాన్ని నలుగురిలో ఒప్పుకోవడం మరొక ఎత్తు.

భాషలో మార్పు ఇలా మెల్లగా సాగుతుండగా, సంస్కరణలో మాత్రం ఆయన ఒక్కసారి దూకారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తన ఇంట్లో గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మ అనే బాలవితంతువుకు పెళ్ళి జరిపించారు. పోలీసు బందోబస్తు మధ్య, విద్యార్థులు కాపలా కాస్తుంటే ఆ పెళ్ళి జరిగింది. ఆ నెలలోనే రెండో పెళ్ళి కూడా జరిగింది. ఊరు వెలి వేసింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారు బిందె చంకన పెట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండి పెట్టారు. మన పాఠంలో ఆమెకు ఒక్క వాక్యం కూడా దక్కలేదు. వెలి భారం ఎక్కువ పడింది ఆమె మీదే.

ఆ పెళ్ళిళ్ళకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు పెద్ద మొత్తంలో డబ్బిచ్చి నిలబడ్డారు. పెళ్ళి చేసుకున్న జంటను సొంతవాళ్ళు రానివ్వరు కాబట్టి ఇల్లు, తిండి, బట్ట, ఒక్కోసారి ఉద్యోగం కూడా సంస్కర్తలే చూడవలసి వచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. వచ్చిన వరుల్లో కొందరు ఆదర్శం కోసం రాలేదు, సాయం కోసం వచ్చారు. పెళ్ళయ్యాక ఇంకా కావాలని అడిగినవాళ్ళున్నారు. పెళ్ళి జరిపించడంతో ఆ అమ్మాయి కష్టం తీరిపోతుందన్న లెక్క ప్రతిసారీ సరిపోలేదు. పంతులు గారు ఈ సంగతులేవీ దాచలేదు. తన స్వీయచరిత్రలో గొప్పల పక్కనే వీటినీ రాసి పెట్టారు. పోనుపోను ఆయన శ్రమలో పెద్ద భాగం వితంతు శరణాలయాల మీదకు, ఆడపిల్లల చదువు మీదకు మళ్ళింది. పెళ్ళి చేసుకున్నా చేసుకోకపోయినా ఆ అమ్మాయి తన కాళ్ళ మీద నిలబడాలన్నది ఆ శరణాలయాల వెనక ఉన్న ఆలోచన. 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తినంతా దానికి రాసిచ్చారు. మన వ్యాసాల్లో పెళ్ళిళ్ళ సంఖ్య చెప్పి చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఆ పెళ్ళిళ్ళ కన్నా, వాటిలో ఏం సరిగా జరగలేదో రాసుకున్న పేజీలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. ఉద్యమం నడిపేవాడు లోపాలను అచ్చులో పెడితే ప్రత్యర్థులు ఊరుకోరు. పంతులు గారికి ప్రత్యర్థులకు కొదవ లేదు. అయినా రాశారు.

పుస్తకాల విషయంలోనూ అంతే. ఆంధ్ర కవుల చరిత్రము ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి. శాసనాలు, తాళపత్రాలు, పద్యాల్లోని ఆధారాలు పోగేసి ఏ కవి ఏ కాలం వాడో తేల్చే పని. మొదటి కూర్పు వచ్చాక ఎన్నో కొత్త ఆధారాలు బయటపడ్డాయి, విమర్శలూ వచ్చాయి. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడుతున్న వయసులో ఆయన ఆ పుస్తకాన్ని మళ్ళీ చేతికి తీసుకున్నారు. పాతదానికి నాలుగు మాటలు అతికించి కొత్త ముద్రణ అనిపించుకోవచ్చు, చాలామంది చేసేది అదే. ఆయన మాత్రం దాన్ని తిరగరాశారు. సవరించిన కూర్పు 1917 నుంచి రావడం మొదలైంది.

ఇక అన్నిటికన్నా కష్టంగా వచ్చిన మార్పు దగ్గరకు వద్దాం.

పంతులు గారి వచనం సులభమైంది గాని అది గ్రాంథికమే. వ్యాకరణం పుస్తకాల్లోదే, క్రియలు పుస్తకాల్లోవే. జనం మాట్లాడే తెలుగు ఆయనకు తెలియక కాదు. బ్రాహ్మ వివాహం వంటి ప్రహసనాల్లో, వ్యవహార ధర్మబోధిని అనే వకీళ్ళ నాటకంలో పాత్రల చేత ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే తెలుగే పలికించారు. 1880లో ఆయన విద్యార్థులు ఆ నాటకం ఆడితే ఊరు ఊరంతా నవ్వింది. అంటే జీవభాషకున్న బలం ఆయనకు ముప్పై రెండేళ్ళకే తెలుసు. కాని అది నవ్వించడానికి, వేళాకోళానికి పనికొచ్చే భాష అనుకున్నారు. గౌరవంగా ఒక సంగతి చెప్పాలంటే మళ్ళీ గ్రాంథికమే. 1911లో, 1915లో రెండు భాగాలుగా వచ్చిన స్వీయచరిత్ర కూడా గ్రాంథికంలోనే ఉంది. తన తప్పులు ఒప్పుకున్న పుస్తకాన్ని కూడా తను మాట్లాడని భాషలో రాశారన్నమాట. అలవాటు అంత లోతుగా ఉంటుంది.

ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో మరొక బడిపంతులు ఇదే విషయం మీద నిద్రపోకుండా ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. ఆయన కూడా మొదట గ్రాంథికాన్ని నమ్మినవారే. బడుల పర్యవేక్షకుడిగా వచ్చిన యేట్స్ అనే దొర తెలుగువాళ్ళు మాట్లాడేది ఒకటి, రాసేది ఒకటి ఎందుకని అడిగాడు. పరాయివాడు అడిగిన ఆ చిన్న ప్రశ్నతో గిడుగు గారి ఆలోచన మళ్ళింది. యేట్స్, గిడుగు, గురజాడ, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు ఒక వైపు, జయంతి రామయ్య పంతులు గారు, పండితులు మరో వైపు. ఆ పోరు పదేళ్ళకు పైగా నడిచింది. స్కూలు ఫైనల్ పరీక్షలో పిల్లలు వాడుక భాషలో వ్యాసం రాయవచ్చా అన్నది కూడా అందులో ఒక ముఖ్యమైన తగాదా. ఒకసారి ఒప్పుకున్నారు, పండితులు గోల చేస్తే వెనక్కి తీసుకున్నారు. గిడుగు గారు మాటలతో ఆగక పండితుల పుస్తకాలే తెరిచి, వాళ్ళు పట్టుబట్టే వ్యాకరణం ప్రకారమే వాళ్ళ రాతలో ఎన్ని దోషాలున్నాయో ఏరి చూపించారు. జీవితమంతా సాధన చేసిన పెద్దలకే పట్టుబడని భాషను పదిహేనేళ్ళ పిల్లవాడి నెత్తిన పెట్టి, రాదని తప్పించడం ఏం న్యాయం అన్నది ఆయన వాదన.

ఈ వాదన మన ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. ఇంట్లో వచ్చిండు, తిన్నడు అన్న పిల్లవాడు నోట్సులో వచ్చాడు, తిన్నాడు అని రాయాలి. పుస్తకంలోది గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగు, నోట్లోది మెదక్ తెలుగు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు వచ్చాక చుట్టుపక్కల తరగతి గదుల్లో శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, కన్నడం, హిందీ అన్నీ కలిసి కూర్చున్నాయి. ఎవరి మాట తప్పు, ఎవరి మాట ఒప్పు అన్న ప్రశ్న సార్లకు రోజూ ఎదురయ్యేదే. ఎర్ర సిరా పెన్ను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం ఇవాళ్టికీ తేలిక కాదు. పిల్లవాడి ఇంటి మాటను తప్పుగా కొట్టేస్తే మళ్ళీ వాడు నోరు విప్పుతాడో లేదో చెప్పలేం.

వీరేశలింగం గారు ఈ పోరులో మొదట గిడుగు గారి వైపు లేరు. ఉండాలని ఎవరూ ఆశించలేదు కూడా. నలభై ఏళ్ళుగా ఆయన తీర్చిదిద్దిన వచనమే అప్పటికి బడిపిల్లలకు నమూనా. ఆయన పుస్తకాలు పాఠాలుగా ఉన్నాయి, ఆయనను చూసి రాయడం నేర్చుకున్నవాళ్ళు రాష్ట్రమంతా ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పి వచ్చిన పండితుడు. గద్యతిక్కన అని బిరుదు. ఆ భాష బడికి పనికిరాదని ఒప్పుకుంటే తన జీవితకాలపు కృషి మీద తనే గీత గీసినట్టవుతుంది. పైగా అప్పటికి ఒంటరివాడు. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు పోయారు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ వయసులో పాత పేరు మీద విశ్రాంతి తీసుకుంటే తప్పుపట్టేవారెవరూ లేరు.

1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వాడుక భాషను చదువులోకి, గ్రంథాల్లోకి తేవడానికి పెట్టిన సంఘం అది. దానికి అధ్యక్షులుగా కూర్చున్నది వీరేశలింగం పంతులు గారు. వయసు డెబ్బై దాటింది. గిడుగు గారు పక్కనున్నారు. గ్రాంథికవాదులకు అది పెద్ద దెబ్బ, ఎందుకంటే వాళ్ళు తమవాడనుకున్న పెద్దమనిషి అటు వెళ్ళిపోయాడు.

ఇది పూర్తి మార్పు అని నేననను. ఆయన ఆ తర్వాత వాడుక భాషలో పెద్ద గ్రంథమేదీ రాయలేదు, రాసే వ్యవధి లేదు. దయ్యాల భయం ఆయన యౌవనంలోనే పోయింది. కావ్యాల గారడీ ముప్పై లోపే పోయింది. పెళ్ళిళ్ళ విషయంలో లెక్క సరిచేసుకోవడం నడివయసులో జరిగింది. జంధ్యం పోవడానికి అరవై దగ్గరపడ్డాయి. చేతికి అలవాటైన క్రియాపదం దగ్గరే అన్నిటికన్నా ఆలస్యమైంది. మనసు ఒప్పుకున్నా చేయి ఒప్పుకోలేదు. యాభై ఏళ్ళ సాధన కదా.

ఆ సమావేశం తర్వాత మూడు నెలలకే పంతులు గారు మద్రాసులో ఉన్నారు. కవుల చరిత్ర సవరణ పని ఇంకా సాగుతూనే ఉంది. బస కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇంట్లో. లక్ష్మణరావు గారు మనకూ చుట్టమే అనుకోవచ్చు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చేతికి దొరకడం మొదలైంది అటువంటి చోట్లనే. 1919 మే 27న ఆ ఇంట్లోనే వీరేశలింగం గారు కన్నుమూశారు. దిద్దవలసిన కాగితాలు ఇంకా మిగిలే ఉన్నాయి.